తాళం, అలారం, కెమెరా: దొంగతనం నివారణ పరికరాలపై తరచుగా అడిగే ప్రశ్నలు (శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు)

ఇల్లు, షాపు, గోదాము, పొలం మోటారు కాపాడుకోవాలనుకునే వాళ్ళ కోసం ఈ పేజీ. ఇక్కడి ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఒకటే. ఇంటిల్లిపాదీ పనికి హైదరాబాదో, చెన్నైయో వెళ్ళిపోయారు, ఉద్దానంలో ఇంటికి తాళం పడింది, మళ్ళీ పండక్కి గానీ రారు.

ముందు కెమెరా పెట్టించాలా, తాళం మార్చాలా?

తాళమే ముందు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, తాళం వేలాడే ఆల్‌డ్రాప్ (తలుపుకు అడ్డంగా జరిగే ఇనుప గడియ), దాన్ని పట్టి ఉంచే స్క్రూలు ముందు. దొంగ తాళం విప్పుతూ కూర్చోడు. గడియ సందులో ఇనుప రాడ్డు దూర్చి ఒక్క ఊపు ఊపుతాడు. ముప్పావు అంగుళం స్క్రూలైతే గడియా తాళమూ కలిసే ఊడి వస్తాయి. ఖరీదైన తాళం గీత కూడా పడకుండా గుమ్మం దగ్గర పడి ఉంటుంది.

ఏ పరికరమూ దొంగను పూర్తిగా ఆపలేదు. ఆలస్యం చేస్తుంది, చప్పుడు చేస్తుంది, ఆనవాలు పట్టిస్తుంది. డబ్బు కూడా ఆ వరసలోనే ఖర్చు పెట్టండి. మన దగ్గర జరిగేది తలకిందులు. వీధివైపు నాలుగు కెమెరాలు పెట్టించి, దొడ్డి గుమ్మానికి తాతల నాటి గొళ్ళెమే ఉంచేస్తారు. ఆ తర్వాత చూసుకోడానికి వీడియో ఒక్కటే మిగులుతుంది.

ఆల్‌డ్రాప్ ఎలా బిగించమని వడ్రంగికి చెప్పాలి?

కడ్డీ 16 మిల్లీమీటర్ల లావు, 10 నుంచి 12 అంగుళాల పొడవు ఉన్నది తీసుకోండి. తలుపు వైపు స్క్రూలు వద్దు, బోల్టులు కావాలి. బయట గుండ్రటి నున్నని తల, లోపల వెడల్పు వాషర్, దాని మీద నట్టు వచ్చేలా 6 లేక 8 మిల్లీమీటర్ల బోల్టు తలుపును ఒకవైపునుంచి మరోవైపుకు దాటాలి. నట్టు బిగించాక మిగిలిన మరను సుత్తితో కొట్టి మొద్దు చేయిస్తే అది వదులవదు.

అసలు బలహీనత ద్వారబంధం వైపు ఉంటుంది. కడ్డీ దూరే కొండికి రెండు చిన్న స్క్రూలు వేసి వదిలేస్తారు. అక్కడ కనీసం రెండున్నర అంగుళాల స్క్రూలు నాలుగు పడాలి. పాత టేకు, మద్ది చెక్క చాలా గట్టిది. 8 నంబరు స్క్రూకు ముందుగా 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో దారి చేయకపోతే స్క్రూ విరుగుతుంది, లేదా బంధం చీలుతుంది. అప్పుడు పని త్వరగా అయిపోవాలని స్క్రూని సుత్తితో మేకులా కొట్టేస్తారు. అలా కొడితే మర చెక్కను పట్టుకోదు, చీల్చుకుంటూ పోతుంది. బయటికి బాగానే కనిపిస్తుంది గానీ పట్టు ఉండదు. పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి ఈ ఒక్కటి చూడండి, చాలు.

బంధం గోడలోంచే కదులుతుంటే ఇదంతా వృథా. తలుపు మూసి భుజంతో నెట్టి చూడండి. బంధం చుట్టూ సిమెంటు పగిలి సన్న గీత కనిపిస్తే ముందు హోల్డ్‌ఫాస్టులు (బంధాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) వేయించి కాంక్రీటు పోయించండి.

తాళంలో ఎన్ని లీవర్లు ఉండాలి?

ఏడు లేదా ఎనిమిది. లీవర్లంటే సరైన చెవి పడితేనే కదిలే లోపలి పలకలు. అయితే లీవర్లు కాపాడేది మారుతాళం చెవుల నుంచి, తీగ పెట్టి తిప్పేవాళ్ళ నుంచి మాత్రమే. రాడ్డుకీ కట్టర్‌కీ లీవర్ల లెక్క పట్టదు. అక్కడ పనికొచ్చేది పైనుండే వంపు కడ్డీ. అది 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, గట్టిపరచిన ఉక్కు అయి ఉండాలి. తాళం వేశాక కడ్డీకీ కొండికీ మధ్య ఖాళీ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, రాడ్డు దూరే చోటే ఉండకూడదు. కడ్డీ దాదాపు కనిపించని గుండ్రటి పళ్ళెం లాంటి తాళాలు షట్టర్లకు బాగా సరిపోతాయి.

తాళం బిగుసుకుంటే కొబ్బరి నూనె వేయకండి. ఉద్దానంలో ప్రతి ఇంట్లో చేతికందేది అదే, అందుకే ఎక్కువ తాళాలు చెడేది కూడా దానివల్లే. నూనె నెలల్లో జిగురై దుమ్ము పట్టి లీవర్లను అతికించేస్తుంది. గ్రాఫైట్ పొడి వాడండి. అది దొరక్కపోతే పెన్సిలు ముక్కు గీకిన పొడిని చెవికి రాసి పదిసార్లు తిప్పండి.

బయట తాళం వేలాడకుండా వేసే మార్గం ఉందా?

ఉంది, వీలైతే అదే చేయండి. వీధి గుమ్మానికి తాళం వేలాడుతోందంటే ఇంట్లో ఎవరూ లేరని ఊరంతటికీ చాటినట్టే. తలుపు మందంలో అమర్చే మోర్టిస్ తాళం వేస్తే మనిషి ఉన్నదీ లేనిదీ బయటికి తెలియదు. తాళం గడియ బంధంలోకి 20 మిల్లీమీటర్లైనా దూరాలి. రెండు తిప్పులకు ఇంకా లోపలికి వెళ్ళే రకం మేలు. తలుపు మందం 35 మిల్లీమీటర్లకు తక్కువైతే మోర్టిస్ వద్దు. దాని కోసం చెక్కిన గాడి వల్ల తలుపు అక్కడే విరుగుతుంది. సన్న ఫ్లష్ డోర్లకు లోపలి ముఖం మీద బిగించే తాళమే సరైనది.

ముందు గ్రిల్ గేటు ఉన్న ఇళ్ళలో తాళాన్ని గేటు లోపలివైపు వేసి, దాని ముందు ఒక రేకు వెల్డింగ్ చేయించండి. చెయ్యి పెడితే తాళం తగలాలి, రాడ్డు పెడితే తగలకూడదు.

వేలిముద్ర తాళాలు మన దగ్గర పనికొస్తాయా?

టౌనులో ఫ్లాటుకు పనికొస్తాయి. జీడిపిక్కలు ఒలిచే చేతులకు, వలలు లాగే చేతులకు, పొలం పనులు చేసేవాళ్ళకు వేలిగీతలు అరిగి ఉంటాయి, సెన్సారు పదేపదే కాదంటుంది. నంబరుతో, చెవితో కూడా తెరుచుకునే రకమే కొనండి. ఇవి ఎక్కువగా నాలుగు పెన్సిల్ సెల్సు మీద నడుస్తాయి. నెలల తరబడి ఖాళీగా ఉండే ఇంట్లో సెల్సు కారి లోపలి పలకను పాడుచేస్తాయి. అలాంటి ఇంటికి మామూలు తాళమే నమ్మకం.

దొడ్డి గుమ్మం, మేడ తలుపు, పెంకుల సంగతేమిటి?

దొంగ వచ్చేది ఎక్కువగా అటునుంచే. దొడ్డి తలుపుకు బయటినుంచి తాళం అవసరమే లేదు, లోపలినుంచి అడ్డగడ వేయండి. పాత ఇళ్ళలో ఉండే అడ్డకర్రే ఇది. ఇప్పుడు 40 మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్ తీసుకుని, గోడకు రెండు వైపులా యాంకర్ బోల్టులతో బిగించిన కొక్కేల్లో పడేలా చేయించుకోవచ్చు. కొక్కేలు తలుపు చెక్కకు కాదు, గోడకు ఉండాలి. అప్పుడు బందులు ఊడదీసినా తలుపు లోపలికి పడదు.

మేడ మెట్ల తలుపుకు రేకు తలుపు పెట్టి ఒకే గడియతో సరిపెడతారు. పైన ఒకటి, కింద ఒకటి లోపలివైపు గడియలు వేయించండి. కొబ్బరిచెట్టు మేడకు ఆనుకుని ఉంటే అది నిచ్చెనే అనుకోండి.

పెంకుటింటిని పైనుంచి పూర్తిగా మూయడం కష్టం. నాలుగు పెంకులు తీస్తే మనిషి దిగిపోతాడు. అలాంటి ఇంట్లో విలువైనవి స్లాబు వేసిన గదిలో పెట్టి, ఆ గది తలుపును వీధి తలుపంత గట్టిగా చేయడమే దారి. బాత్‌రూము వెంటిలేటరులో అద్దపు పలకలు చేత్తో లాగితే వచ్చేస్తాయి, దానికీ కడ్డీలు కావాలి.

కిటికీ గ్రిల్ ఎంత లావు ఉండాలి?

12 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ, మధ్య ఖాళీ నాలుగు అంగుళాలు దాటకుండా ఉండాలి. బయటినుంచి స్క్రూలతో బిగించిన గ్రిల్ అయితే స్క్రూ తలల మీద వెల్డింగ్ చుక్క పెట్టించండి. జరిపే యూపీవీసీ కిటికీలు ఎత్తితే పట్టాలోంచి బయటికి వస్తాయి, వాటిని నమ్మి గ్రిల్ మానకండి. ఒక్క పడకగదిలో మాత్రం లోపలినుంచి తాళం తీసి తెరుచుకునే గ్రిల్ ఉంచండి. నిప్పంటుకుంటే బయటపడడానికి దారి కావాలి.

సముద్రం దగ్గర ఊళ్ళలో కెమెరాలు, తాళాలు ఎందుకు తొందరగా పోతున్నాయి?

కళింగపట్నం, బారువ, భావనపాడు, అటు విజయనగరం జిల్లాలో చింతపల్లి, కోనాడ వైపు గాలిలో ఉప్పు ఉంటుంది. కెమెరా చెడిందని తీసుకొచ్చే వాటిలో చాలాసార్లు కెమెరా బాగానే ఉంటుంది, వైరు కొసన ఉన్న కనెక్టరే పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. కనెక్టర్లను గోడ మీద వేలాడనివ్వకుండా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, సిలికాన్ గ్రీజు పూసి, తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాలి. మామూలు నల్ల టేపు ఒక్క వేసవికే వదిలేస్తుంది. వైరు డబ్బాలోకి వెళ్ళే ముందు కిందికి చిన్న వంపు తిరగాలి, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఎడాప్టర్లు ఇంటి లోపలే ఉంచండి. స్క్రూలు, గడియలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి దొరికితే తీసుకోండి. 304 రకం టౌనులో సరిపోతుంది గానీ, ఒడ్డున దానికీ తుప్పు మచ్చలు వస్తాయి.

అలారంలో ఏమేం ఉండాలి? సిమ్ ఏది వేయాలి?

ప్యానెల్, తలుపులకు అయస్కాంత స్విచ్‌లు, లోపల కదలికను పట్టే పీఐఆర్ సెన్సారు, సైరన్, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అయస్కాంతానికీ స్విచ్‌కీ మధ్య ఎడం 15 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. వానాకాలం తలుపు ఉబ్బి, వేసవిలో కుంచించుకుపోతే ఆ ఎడం మారి అలారం దానంతటదే మోగుతుంది. సైరన్లు రెండు పెట్టండి. ఒకటి చెయ్యి అందనంత ఎత్తున బయట, ఇంకొకటి ఇంటి లోపల. లోపల చెవులు చిల్లులు పడే మోత ఉంటే వెతుక్కుంటూ నిలబడడం కష్టం.

సిమ్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చవక ప్యానెళ్ళు చాలావరకు 2జీ మీద నడుస్తాయి. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వేస్తే ప్యానెల్ ఫోను చేయలేదు. ఏ సిమ్ వేసినా రీచార్జి అయిపోతే అలారం మూగదే. మొదటి నంబరు హైదరాబాదులో ఉన్న మీది పెట్టకండి. పక్కింటివాళ్ళది మొదటిది, అదే వీధిలో ఉన్న చుట్టాలది రెండోది, మీది మూడోది. నెలకోసారి వాళ్ళ చేత తలుపు తీయించి మోగించి చూడండి. ఈ బ్యాటరీ మూడేళ్ళకు మించి నమ్మదగ్గది కాదు, మోగకపోయే రోజు కోసం ఆగకుండా మార్చేయండి.

సెన్సారు ఊరికే మోగుతోంది. ఎందుకు?

పీఐఆర్ చూసేది వేడిలో మార్పును. దాని అద్దం మీద బల్లి పాకితే దానికి అది పెద్ద ఆకారమే. పిల్లి, ఎలుక, కిటికీలోంచి పడి జరిగే ఎండ, గాలికి ఊగే వేడెక్కిన కర్టెన్, ఇవన్నీ మోగిస్తాయి. ఏడెనిమిది అడుగుల ఎత్తున, గది మూలలో, కిటికీకి ఎదురుగా కాకుండా బిగించండి. గోడకూ సెన్సారుకూ మధ్య వైరు వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో మూస్తే పురుగులు లోపలికి వెళ్ళవు. మనిషి దాని వైపు నడిచి రావడం కంటే దాని ముందునుంచి అడ్డంగా దాటడాన్ని అది బాగా పడుతుంది, కాబట్టి తలుపుకు ఎదురుగా కాక పక్క గోడకు పెట్టండి.

మే నెలలో దీనికి వ్యతిరేకమైన సమస్య. మూసి ఉన్న గది వేడి 37 డిగ్రీల దాకా చేరితే మనిషి ఒంటి వేడికీ గోడ వేడికీ తేడా ఉండదు, సెన్సారు మనిషిని చూడకపోవచ్చు. వేసవిలో పీఐఆర్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా తలుపు స్విచ్‌లు తప్పక ఉండాలనేది అందుకే.

కెమెరాలు ఎన్ని కావాలి? ముఖం ఎందుకు గుర్తుపట్టలేకపోతున్నాం?

కొత్త మనిషి ముఖం గుర్తుపట్టాలంటే చిత్రంలో ఒక మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు ఉండాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. 2 మెగాపిక్సెల్ కెమెరా చిత్రం అడ్డంగా 1920 పిక్సెళ్ళు. అంటే మొత్తం 7.7 మీటర్ల వెడల్పు దృశ్యం దాటితే ముఖం పోయినట్టే. 2.8 మిల్లీమీటర్ల లెన్సుకు ఇది సుమారు 3 మీటర్ల దూరం, 3.6కు 4 మీటర్లు, 6కు 8 మీటర్లు. షాపువాళ్ళు మామూలుగా ఇచ్చేది 2.8. ఎందుకంటే టీవీలో వీధంతా కనిపిస్తే కొనేవాళ్ళు సంతోషిస్తారు. వీధంతా కనిపిస్తుంది, ఏ ముఖమూ తెలియదు.

ఇంటికి ఒక వెడల్పు కెమెరా, మనిషి తప్పనిసరిగా దాటే చోట్ల (గేటు, దొడ్డి గుమ్మం, మేడ మెట్లు) ముఖానికి గురిపెట్టిన కెమెరాలు చాలు. ఎత్తు 8 నుంచి 9 అడుగులు. మేడ చూరుకు పెడితే నెత్తి, తువ్వాలు తప్ప ఏమీ పడవు.

రాత్రి చిత్రం తెల్లగా మసకబారుతోందా? కెమెరా చుట్టూ సాలెగూడు ఉంటుంది. రాత్రి కెమెరా వెలువరించే కిరణాలు దగ్గరి దారాల మీద పడి తిరిగొస్తాయి, పైగా ఆ వెచ్చదనానికి పురుగులు చేరతాయి. నెలకోసారి పొడుగు బ్రష్‌తో దులపడమే మందు. పక్కనే తెల్ల గోడ ఉన్నా ఇదే జరుగుతుంది. కొంచెం కోణం మార్చండి.

కొనేటప్పుడు ఒక మాట అడగండి. మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలు భద్రతా పరీక్షలు నెగ్గాలన్న కేంద్ర నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాత సరుకు చవకగా ఇస్తామంటే ఇంటర్నెట్‌కు కలపాల్సిన చోట తీసుకోకండి. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డ్ అదే రోజు మార్చేయండి.

డమ్మీ కెమెరా పెడితే సరిపోదా?

ఎర్ర లైటు టుక్కుటుక్కుమని ఆరుతూ వెలుగుతుంటే అది డమ్మీ అని పిల్లలకు కూడా తెలుసు. అసలు కెమెరాలకు అలాంటి లైటు సాధారణంగా ఉండదు. డబ్బు దండగ.

ఎన్ని రోజుల రికార్డింగు ఉంటుంది?

ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రాస్తే రోజుకు 21.6 జీబీ. నాలుగింటికి 86 జీబీ. 1 టీబీ డిస్కు పదకొండు రోజులకు నిండిపోయి పాతవాటి మీద రాసుకుంటూ పోతుంది. మీరు పండక్కి వచ్చి చూసేసరికి ఏమీ ఉండదన్నమాట. తాళం వేసి ఉండే ఇంటికి కదలిక ఉన్నప్పుడే రాసేలా పెట్టి, 2 టీబీ వేయించండి. నిఘా కోసం చేసిన డిస్కే అడగండి, పాత కంప్యూటరులోంచి తీసింది రాత్రీపగలూ రాసే పనికి తట్టుకోదు.

తుపాను వచ్చి కరెంటు పోతే?

డీవీఆర్ (కెమెరాల వీడియో రాసుకునే పెట్టె), నాలుగు కెమెరాలు కలిసి 30 నుంచి 35 వాట్లు తింటాయి. చిన్న 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీతో రెండు గంటలు కూడా రావు. ఇంట్లో 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టరు ఉంటే, వేరే ఏమీ వాడకపోతే, దాదాపు ఒక రోజు నడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లూ మోగలేదు. అలాంటి వారంలో ఏ కెమెరా కూడా ఇంటికి కాపలా కాదు. అప్పుడు నిలబడేవి తలుపు, గడియ, అడ్డగడ. తుపాను కేంద్రానికి వెళ్ళేటప్పుడు బంగారం, కాగితాలు వెంట తీసుకెళ్ళండి.

రూటరును, ఫైబరు పెట్టెను కూడా ఇన్వర్టరు లైనులో పెట్టడం మరవకండి. కెమెరాకు కరెంటు ఉండి రూటరుకు లేకపోతే మీ ఫోనులో ఏమీ కనిపించదు.

దొంగ డీవీఆర్‌నే ఎత్తుకుపోతే?

టీవీ కిందో, హాల్లో అల్మరాలోనో పెడితే తీసుకుపోతాడు. గాలి ఆడే చోట, తాళం ఉన్న ఇనుప పెట్టెలో, గోడకు బోల్టులు వేసి, అటక మీదో స్టోరు గదిలోనో పెట్టండి. ముఖ్యమైన ఒక్క కెమెరాకు క్లౌడ్ రికార్డింగు (వీడియో ఇంటర్నెట్ ద్వారా బయట దాచడం) తీసుకుంటే చాలు.

డీవీఆర్ గడియారం సరిగ్గా ఉందో లేదో ఈ రోజే చూడండి. రెండు గంటలు తప్పు చూపే వీడియో పోలీసులకూ కోర్టుకూ తలనొప్పి. వీడియోను సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతపరచాలి. పాత చట్టంలో 65బీ అనేవారు, అదే. నమూనా ఎలా నింపాలో స్టేషనులో చెబుతారు.

పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటే ఏమిటి?

తాళం వేసిన ఇళ్ళపై నిఘా కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఉచిత సేవ. ఫోనులో యాప్ ద్వారా పేరు, ఇంటి చిరునామా నమోదు చేసుకుని, ఊరెళ్ళే ముందు తేదీలతో అభ్యర్థన పెట్టాలి. పోలీసులు వచ్చి లోపల కదలికను పట్టే కెమెరా పెడతారు, ఎవరైనా దూరితే కంట్రోల్ రూముకు హెచ్చరిక వెళుతుంది. పెళ్ళికో తీర్థయాత్రకో వారం పది రోజులు వెళ్ళేవాళ్ళకు ఇది మంచి ఏర్పాటు. బయలుదేరే రోజు పొద్దున్న కాకుండా రెండు రోజుల ముందే మీ స్టేషనులో మాట్లాడుకోండి. ఏడాదంతా మూసి ఉండే ఇంటికి ఇది సరిపోదు.

పలాసలో జీడిపప్పు గోదాముకు ఏం చేయాలి?

షట్టరు నుంచి మొదలుపెట్టండి. మధ్య తాళం ఒక్కటే ఉంటే కింద జాకీ పెట్టి ఎత్తితే పక్కల పట్టాల్లోంచి రేకు వంగి మనిషి దూరేంత సందు వస్తుంది. రెండు చివర్లా నేలలో కాంక్రీటు పోసి నాటిన కొక్కేలకు తాళాలు వేయాలి. షట్టరు లోపల ముడుచుకునే గ్రిల్ ఉంటే ఇంకో పది నిమిషాలు కలిసొస్తాయి. రేకు కప్పు గోదాములో కప్పు మరలు బయటినుంచే విప్పవచ్చు, అందుకని కప్పు కింద ఇనుప జల్లెడ లేదా పీఐఆర్ ఉండాలి.

అయితే గోదాము సరుకు ఎక్కువగా తరిగేది పగలే, తలుపులు తెరిచి ఉండగానే. 80 కిలోల పిక్కల బస్తాలోంచి కిలో తీస్తే తూకం వేస్తే గానీ తెలియదు. పది కిలోల పప్పు డబ్బా మొత్తం పోయినా లెక్క రాసుకోకపోతే అంతే. బస్తా మూతికి వరస నంబర్లున్న ప్లాస్టిక్ సీలు వేసి, లోపలికి వచ్చేటప్పుడూ బయటికి పోయేటప్పుడూ నంబరు, తూకం రెండూ పుస్తకంలో రాయించండి. కాటా మీద అంకెలు కనిపించేలా ఒక కెమెరా పెట్టండి. గోదాముకు రెండు వేర్వేరు తాళాలు వేసి చెవులు ఇద్దరి దగ్గర ఉంచడం పాత పద్ధతే, ఇప్పటికీ దానికి మించింది లేదు.

బట్టల షాపు గుమ్మంలో పెట్టే గేట్లు ఎలా పనిచేస్తాయి?

రెండు రకాలు. ఒకటి 58 కిలోహెర్ట్జ్ మీద, మరొకటి 8.2 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. గేటు పంపే తరంగానికి బట్టకున్న ట్యాగు బదులు పలుకుతుంది, గేటు ఆ పలుకు విని మోగుతుంది. ఒక రకం గేటుకు ఇంకో రకం ట్యాగు పలకదు, ట్యాగులు తక్కువకు దొరికాయని కొనే ముందు అది చూసుకోండి. 8.2 రకం చవక, కానీ లోపల రేకు కాగితం అంటించిన సంచితో దాన్ని మోసగించడం తేలిక. రెండూ పక్కనే ఇనుప స్టాండు, షట్టరు మోటారు, ఎల్‌ఈడీ బోర్డు ఉంటే ఊరికే మోగుతాయి. ట్యాగులున్న బట్టల స్టాండును గేటుకు మీటరున్నర లోపు పెట్టకండి. పండగ రద్దీలో బిల్లింగు దగ్గర ట్యాగు తీయడం మరిచి, గేటు మోగి, కొన్నవాళ్ళనే ఆపితే మాటపడేది షాపే. ట్యాగు తీసే అయస్కాంతం కౌంటరుకు బిగించి ఉంచండి, లేకపోతే మొదట పోయేది అదే.

బండికి ఏది మంచిది?

హ్యాండిల్ లాక్ ఒక్క తన్నుకు విరుగుతుంది. దానికి తోడు డిస్క్ లాకో, గట్టి గొలుసో వేయండి. గొలుసు ముందు చక్రానికి వేస్తే చక్రం విప్పి బండి తీసుకుపోతారు. ఫ్రేములోంచి పోనిచ్చి స్తంభానికి వేయాలి. డిస్క్ లాక్ వేసి మరిచి బండి లాగితే డిస్కు వంగుతుంది, హ్యాండిల్‌కు గుర్తుగా రంగు తాడు కట్టుకోండి.

జీపీఎస్ ట్రాకరు 20 మిల్లీ ఆంపియర్లు తింటే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. 4 ఆంపియర్ అవర్ల బైకు బ్యాటరీ వారం పైచిలుకులో ఖాళీ. శ్రీకాకుళం రోడ్ స్టేషనులో బండి పెట్టి పది రోజులు ఊరెళ్ళి వస్తే స్టార్టవదు. నిద్రపోయే స్థితిలో 5 మిల్లీ ఆంపియర్లకు మించనిది కొనండి. నడుస్తున్న బండి ఇంజను దూరం నుంచి ఆపే సదుపాయం వాడకండి, ప్రాణాలు పోతాయి.

థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే దొంగతనానికి పైసా రాదు. పూర్తి బీమా ఉన్నా కంపెనీ రెండు చెవులూ అడుగుతుంది. రెండో చెవి ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి.

పొలంలో మోటారు కేబులు కోసుకుపోతున్నారు. అలారం పెట్టవచ్చా?

దొంగకు కావలసింది రాగి. బోరు నుంచి స్టార్టరు దాకా కేబులును గొట్టంలో పెట్టి రెండు అడుగుల లోతున పూడ్చండి. పైన కనిపించే ముక్కకు అల్యూమినియం కేబులు వేస్తే ఆశ తగ్గుతుంది, కానీ రాగికంటే సుమారు ఒకటిన్నర రెట్లు లావు కావాలి, కలిపే చోట రెండు లోహాలకూ సరిపడే లగ్గు వేయాలి. నేరుగా మెలిపెడితే కాలిపోతుంది. బోరు మూత బోల్టులకు బిగించాక వెల్డింగ్ చుక్క పెట్టించండి.

కరెంటు పోతే మెసేజి పంపే స్టార్టర్లు ఈ పనికి రావు. వ్యవసాయ కరెంటు వచ్చేదే రోజుకు 9 గంటలు, మిగతా వేళంతా అది పోయినట్టే చూపుతుంది. దొంగ వచ్చేది కూడా ఆ వేళలోనే. కేబులు పక్కనే ఒక సన్న తీగ జత నడిపి, తెగితే బ్యాటరీ సైరన్ మోగేలా చేయిస్తే అది పనిచేస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆయిలు కారినా, మూత తెరిచి ఉన్నా దగ్గరికి వెళ్ళకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి.

కంచెకు కరెంటు పెడితే?

పెట్టకూడదు. నేరం. పంది కోసమని పెట్టినా, దొంగ కోసమని పెట్టినా తెల్లారి అటు నడిచే పొరుగు రైతో, పశువో, మీ ఇంటి పిల్లో బలవుతారు.

బంగారం బీరువాలోనా, బ్యాంకు లాకరులోనా?

బీరువా రేకు మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు. స్క్రూడ్రైవరుతో విరిచేయవచ్చు. పైగా దాని చెవి దాని మీదే, లేదా పక్క గూట్లోనే ఉంటుంది. ఇంట్లో తప్పదంటే చిన్న సేఫ్ కొని నాలుగు 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులతో నేలకో గోడకో లోపలినుంచి బిగించండి. బిగించని సేఫ్ అంటే మోసుకుపోవడానికి వీలుగా సర్ది ఇచ్చినట్టే.

లాకరు మేలే గానీ హద్దు తెలుసుకోండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులో దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు. అద్దె 2,000 అయితే 2 లక్షలు. మీ నగలు అంతకంటే ఎక్కువైతే విడిగా బీమా తీసుకోవాలి.

దొంగతనం జరిగిందని తెలిసిన వెంటనే ఏం చేయాలి?

లోపలికి వెళ్ళకండి. బీరువా మూయడం, గుడ్డలు సర్దడం, నేల ఊడవడం వద్దు, వేలిముద్రలు పోతాయి. 112కు ఫోను చేయండి. డీవీఆర్‌ను ఆపి తెరవకండి, కానీ రికార్డింగు మీద కొత్తది పడకముందే ఆ సమయం కాపీ తీయించండి. పోయిన వస్తువుల జాబితాలో బరువు, గుర్తులు, బిల్లు, వేసుకున్నప్పటి ఫొటో ఉండాలి.

వేరే ఊళ్ళో ఉంటే సమాచారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపవచ్చు, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. ఇంట్లో, వాహనం, గుడిలో విగ్రహం దొంగతనాలకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 305 కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది.

సిరిమానోత్సవంలో, రథసప్తమి రద్దీలో ఫోను పోతే?

పోకముందే ఒక పని చేయండి. స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరును (ఫోను గుర్తింపు సంఖ్య) ఇంట్లో కాగితం మీద రాసి పెట్టుకోండి. పోయాక ముందు సిమ్ ఆపించి అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి, ఎందుకంటే తర్వాతి పనికి ఓటీపీ దానికే వస్తుంది. పోలీసు ఫిర్యాదు కాపీతో కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్లను ఆపించే సీఈఐఆర్ విభాగంలో ఫోనును బ్లాక్ చేయించండి. డ్యూయల్ సిమ్ ఫోనుకు రెండు ఐఎంఈఐలు ఉంటాయి, రెండూ ఇవ్వాలి. బ్లాక్ అయిన ఫోను దేశంలో ఏ సిమ్‌తోనూ పనిచేయదు. దొరికాక అక్కడే అన్‌బ్లాక్ చేయించుకోవాలి. అప్పటిదాకా అది మీ చేతిలో కూడా పనిచేయదు.